నోబుల్ దొరగారి బడి



బందరు నోబుల్ కళాశాల పేరు వినని సంఘము మన ప్రాంతములో అరుదు. ఆ పేరు గల మనుష్యుడెవరని మన ఆదివారపు బడి పిల్లలను అడిగితిమి. ఒక్కరును చెప్పలేకపోయిరి. పిల్లలకు మనము చెప్పలేదు గనుక ఆ తప్పు మనదే.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ గారు 1809లో ఇంగ్లండు దేశమున ఒక పల్లెటూరి పాదిరిగారి ఇంట జన్మించిరి. కేంబ్రిడ్జిలో చదివిరి. 1841లో హెన్రీ ఫాక్స్ గారితో కలిసి చర్చి మిషనరీ సొసైటీ పక్షమున బందరు వచ్చిరి. ఫాక్స్ గారు పల్లెలు తిరిగి ప్రకటించుటకును, నోబుల్ గారు బడిలో బోధించుటకును పని పంచుకొనిరి. రెండేండ్లు తెలుగు నేర్చుకొని, 1843 నవంబరు 21వ తేదీన నోబుల్ గారు పాఠశాల తెరచిరి. వివాహము చేసికొనలేదు. ఇరువది నాలుగేండ్లలో ఒక్కసారియైనను స్వదేశము వెళ్లలేదు.

ఇక్కడ ఒక చేదు మాట దాచక చెప్పవలెను. ఆ బడి అగ్రకులముల బాలురకై పెట్టినది. మన తాతముత్తాతలలో మాల మాదిగలైనవారికి మొదటి యేండ్లలో ఆ బల్లలమీద చోటు లేదు. పెద్ద కులములవారు మారిన యెడల దేశము మారునని నోబుల్ గారి తలంపు. కొర్నేలి ఇంటికి వెళ్లుటకు ముందు పేతురుకును ఎంత జంకు ఉండెనో అపొస్తలుల కార్యముల 10వ అధ్యాయములో చూడగలము. మేము నోబుల్ గారిని గౌరవించుచున్నాము గాని ఈ సంగతిలో ఆయనను సమర్థింపజాలము.

అయితే బడిలోపల ఆయన ఒక నియమము విడువలేదు. ప్రతిదినమును వేదపాఠము ఉండవలెను. ఇంగ్లీషు కొరకు పిల్లలను పంపిన తండ్రులకు ఇది రుచించలేదు. బాలుర సంఖ్య తగ్గునను భయముచేత ఆయన ఆ పాఠమును తీసివేయలేదు, రహస్యముగా నేర్పనూ లేదు. ఇక్కడ ఏమి బోధింతురో తెలిసియే పంపుడని అందరికిని తెలియునట్లు నడిపిరి.

1852లో దాని ఫలము కనబడెను. ఐనాల భూషణము అను వెలమ యువకుడును, మంచాల రత్నము అను బ్రాహ్మణ యువకుడును క్రీస్తును అంగీకరించి దొరగారి ఇంటికి వచ్చిరి. పట్టణమున అల్లరి రేగెను. తల్లిదండ్రుల ఏడ్పు వినుట ఎవరికైనను కష్టమే. ఆ ఇద్దరును తమ నిశ్చయమును తామే చెప్పుకొని, దానిమీదనే నిలిచి బాప్తిస్మము పొందిరి. మరునాటి బడి సంగతి ఏమి చెప్పుదుము? తండ్రులు పిల్లలను తీసికొనిపోగా బల్లలు ఖాళీ అయ్యెను. తొమ్మిదేండ్లు కట్టిన పని!

బాలురను తిరిగి రప్పించుటకై నోబుల్ గారు వేదపాఠము మానుకొందునని మాట ఇయ్యలేదు. ఆ ఇద్దరిని పంపివేయనూ లేదు. కొంతకాలమునకు బాలురు మెల్లగా తిరిగి వచ్చిరి. తరువాత జానీ ఆలీ అను మహమ్మదీయ విద్యార్థియు బాప్తిస్మము పొందెను. రత్నము, భూషణము గార్లు ఆ బడిలోనే ఉపాధ్యాయులైరి. కులము పోయినవాని యెదుట కూర్చుండి పాఠము అప్పగించుట ఆనాటి అగ్రకులపు బాలునికి ఎంత పెద్ద పాఠమో ఆలోచించుడి.

మేమును మొదట బెత్తమునే నమ్మినవారము. కేక వేసిన పిల్లలు అణగిరి. మేము వాకిలి దాటగానే మరల కేకలు. ఒకనాడు అందరికంటె అల్లరివానికి హాజరు పుస్తకము, దీపము ఒప్పగించితిమి. వాడు రెండు వారములు దీపము మరచిపోయెను. చీకటిలోనే పాటలు పాడితిమి, పుస్తకము మాత్రము తిరిగి తీసికొనలేదు. మూడవ వారము వాడే మాకంటె ముందు వచ్చెను. ఆ రెండు వారములు ఓర్చుకొనుట మాకు ఎంత కష్టమాయెనో దేవునికి తెలియును. నోబుల్ గారి ఖాళీ బల్లలు అప్పుడప్పుడు మాకు జ్ఞాపకము వచ్చును.

ఆయన శిష్యులనేకులు సర్కారు ఉద్యోగములలో చేరిరి. ఆ బడిలో చదివినవాడు నమ్మదగినవాడను పేరు వారికి కలిగెను. పర్యవేక్షించు కన్ను లేని కచ్చేరీలో ఆ పేరు నిలుచుట సులభము కాదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుమీదికి వచ్చెను. సుమారు 30,000 మంది నశించిరి. 1977 నవంబరు 19ని చూచిన దివిసీమ పెద్దలకు ఆ రాత్రి ఎట్టిదో మేము వివరింప నక్కరలేదు. నోబుల్ గారు ప్రాణముతో బయటపడిరి, బడి పని విడువలేదు. అయితే దేహము ముందే నలిగియుండెను. మరుసటి యేడు, 1865 అక్టోబరు 17న, బందరులోనే కన్నుమూసిరి. రత్నము, భూషణము గార్లు గురుపట్టము పొంది మన తెలుగు సంఘములలో సేవ చేసిరి.