రిజిస్టరు లేని వంశాలకు చరిత్ర రాసిన స్టర్టివాంట్

పదో తరగతిలో వంశపారంపర్యం పాఠం చదివిన మనందరికీ మెండెల్, ఆయన బఠానీ మొక్కలు గుర్తుండే ఉంటాయి. ఆ దారిలోనే నడిచి, ప్రాణుల చుట్టరికాలను వాటి క్రోమోజోముల్లోంచే చదవవచ్చని మొదట చూపించిన వారిలో ఒకరు ఆల్ఫ్రెడ్ హెన్రీ స్టర్టివాంట్. ఒక గురువు ఒక విద్యార్థికి సమయానికి చోటిస్తే ఏం జరుగుతుందో కూడా ఆయన జీవితం చెబుతుంది. అందుకే మన బడి స్వర్ణోత్సవ సంచికలో ఆయన్ని తలుచుకుంటున్నాను.

స్టర్టివాంట్ 1891 నవంబరు 21న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, జాక్సన్‌విల్‌లో పుట్టారు. ఆరుగురు పిల్లల్లో ఆఖరివారు. తండ్రి కొంతకాలం కాలేజీలో లెక్కలు చెప్పి, తర్వాత వ్యవసాయంలోకి దిగారు. ఆల్ఫ్రెడ్‌కు ఏడేళ్లప్పుడు కుటుంబం దక్షిణాన ఉన్న అలబామాకు తరలింది. అక్కడ ఒకే గది ఉన్న పల్లెటూరి బడిలో చదువు. ఇంట్లో గుర్రాలుండేవి. ఏ గుర్రానికి ఏ పిల్ల పుట్టింది, దాని రంగేమిటి అని వంశావళి రాసుకోవడం ఆ కుర్రవాడి సరదా.

పదిహేడేళ్లకు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ ఊళ్లోనే లాటిన్, గ్రీకు బోధించే అన్న ఎడ్గర్ ఇంట్లో ఉండి చదువుకున్నారు. ఎడ్గర్ తర్వాతి కాలంలో ప్రాచీన హిట్టైట్ భాషకూ ఇండో-యూరోపియన్ భాషలకూ ఉన్న బంధుత్వం మీద పేరుపొందిన పండితుడయ్యారు. అన్న భాషల వంశం వెతికితే తమ్ముడు ఈగల వంశం వెతికాడన్నమాట.

అన్న ప్రోత్సాహంతో గుర్రాల రంగుల మీద ఒక వ్యాసం రాసి ప్రొఫెసర్ థామస్ హంట్ మోర్గాన్‌కు చూపించారు. మోర్గాన్ దాన్ని అచ్చుకు పంపమన్నారు. అంతటితో ఆగక 1910లో, ఇంకా డిగ్రీ పూర్తికాని ఆ విద్యార్థికి తన ప్రయోగశాలలో ఒక బల్ల ఇచ్చారు. పాలసీసాల్లో పండ్ల ఈగలను పెంచే ఆ ఇరుకు గదికే తర్వాత ‘ఈగల గది’ అని పేరొచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని కుర్రవాడికి, ఈగల కళ్ల రంగులు గమనించే చోట స్థానం దొరికింది!

1911లో మోర్గాన్‌తో మాట్లాడుతుండగా ఆయనకొక ఆలోచన తట్టింది. ఒకే క్రోమోజోము మీద రెండు జన్యువులు ఎంత దూరంగా ఉంటే, తర్వాతి తరంలో అవి అంత తరచుగా విడిపోవాలి. అయితే విడిపోయిన లెక్కను బట్టి వాటి వరుస తెలుసుకోవచ్చు కదా! ఆ రాత్రి చాలాసేపు కూర్చుని మొట్టమొదటి జన్యుపటం గీశారు. అది 1913లో అచ్చయింది. ఆ రాత్రి చేయవలసిన హోంవర్కు మాత్రం మూలన పడింది. ఉపాధ్యాయ మిత్రులు మన్నించాలి.

1928లో గురువుతోపాటు కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌కు వెళ్లారు. 1933లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు మోర్గాన్ ఆ డబ్బును తన పిల్లలతోపాటు స్టర్టివాంట్ పిల్లలకూ, మరో శిష్యుడు బ్రిడ్జెస్ పిల్లలకూ పంచారు.

క్రోమోజోములో ఒక ముక్క ఒక్కోసారి తెగి, తలకిందులై మళ్లీ అతుక్కుంటుంది. దీన్నే విలోమం అంటారు. ఈగ పిల్లపురుగు లాలాజల గ్రంథుల్లోని పెద్ద క్రోమోజోముల్లో ఇది సూక్ష్మదర్శినికి కనిపిస్తుంది. స్టర్టివాంట్, రష్యా నుంచి వచ్చిన డోబ్‌జాన్‌స్కీ కలిసి పశ్చిమ అమెరికాలోని అడవి ఈగల్లో ఈ వరుసలను పోల్చి చూశారు.

ఒక ఈగలో వరుస 12345678 అనుకుందాం. రెండో దానిలో 12654378. మూడో దానిలో 12657348. మొదటి దానిలో 3 నుంచి 6 దాకా తిరగేస్తే రెండోది వస్తుంది. రెండో దానిలో 437 ముక్కను తిరగేస్తే మూడోది వస్తుంది. మొదటి దాని నుంచి మూడో దానికి ఒక్క అడుగులో చేరలేం. మధ్యలో రెండోది ఉండి తీరాలి. ఇలా వరుసలన్నిటినీ కలిపి 1936లో ఆ ఈగల వంశవృక్షాన్ని ప్రకటించారు. ఒకచోట లంకె కుదరకపోతే, ఫలానా వరుస ఒకప్పుడు ఉండి ఉండాలని ఊహించి చేర్చారు. అయితే ఎవరు ఎవరి పక్కనో ఈ పద్ధతి చెబుతుంది గానీ, ఎవరు ముందు పుట్టారో దానంతటది చెప్పలేదు. ఆ హద్దును వారు మరచిపోలేదు.

ఇంత గొప్ప పని చేసిన ఆ ఇద్దరి స్నేహం మాత్రం నిలవలేదు. కొద్ది సంవత్సరాల్లోనే మనసులు విరిగాయి. డోబ్‌జాన్‌స్కీ 1940లో కొలంబియాకు వెళ్లిపోయారు. జంటగా మొదలుపెట్టిన పనిని ఆయన వేరుగా కొనసాగించారు.

స్టర్టివాంట్ 1965లో జన్యుశాస్త్ర చరిత్ర మీద పుస్తకం వెలువరించారు. 1970 ఏప్రిల్ 5న కన్నుమూశారు. ఇప్పుడు శాస్త్రవేత్తలు డీఎన్ఏ అక్షరాలనే కంప్యూటర్లలో పోల్చి, కొత్త వైరసు నుంచి తిమింగలం దాకా చుట్టరికాలు తేలుస్తున్నారు. పనిముట్లు మారాయి గానీ ప్రశ్న పాతదే: పుట్టుక చూసిన సాక్షి లేనప్పుడు, పోలికల నుంచి వంశాన్ని ఎలా తెలుసుకోవాలి?

పొలంలో గుర్రాల లెక్క రాసుకున్న కుర్రవాడి కాగితాన్ని ఒక మాస్టారు శ్రద్ధగా చదివారు. మన బడిలో మన కాపీ పుస్తకాలను అలా చదివిన మాస్టార్లను ఈ సందర్భంలో తలుచుకుందాం.