అబుల్ అలా: తనకు తానే విధించుకొన్న వ్రతము

సిరియా దేశమున, అలెప్పో నగరమునుండి దక్షిణముగా హమా పట్టణమునకు పోవు దారిలో, మారత్ అల్ నూమాన్ అను ఊరు కలదు. క్రీ. శ. 973 డిసెంబరులో ఆ ఊరి పండిత కుటుంబమొకదానిలో అహమ్మదు అను బాలుడు జన్మించెను. లోకము ఆయనను అబుల్ అలా అల్ మారీ అను పేరుతో ఎరుగును. అరబ్బీ మహాకవులను లెక్కించునపుడు ఆయన పేరు విడుచుటకు వీలులేదు. ఆ కవి తన జీవితములో రమారమి 45 ఏండ్లు మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు, తేనె ముట్టలేదు. మన ఇండ్లలో మాంసము లేదు, గ్రుడ్లు లేవు, తేనె లేదు. పాలు మాత్రము ఉన్నవి. కావున ఆయన చరిత్రలో మనకు చుట్టరికము గల భాగము కొంత, మనలను ఆలోచింపజేయు భాగము కొంత ఉన్నది.

నాలుగేండ్ల వయస్సున మశూచి సోకి ఆ బాలుని చూపు దెబ్బతిన్నది. క్రమముగా పూర్తిగా పోయినది. అయితే జ్ఞాపకశక్తి అసాధారణమైనది. ఒకసారి విన్నదానిని మరువడని దేశమంతట చెప్పుకొనెడివారు. తాతగారు ఆ ఊరి ఖాజీగా ఉండినవారు, తండ్రి విద్వాంసుడు. బాలుడు తండ్రియొద్ద మొదటి పాఠములు నేర్చి, తరువాత అలెప్పోలో వ్యాకరణము, కవిత్వము అభ్యసించెను. యౌవనముననే కవిగా పేరు వచ్చెను. అమీరులను, మంత్రులను పొగడి బహుమానములు పొందుట ఆనాటి కవుల రివాజు. పొగడ్త ఒక సరకు, దానికొక ధర. అబుల్ అలా ఆ బేరమును బ్రతుకుతెరువుగా చేసికొనలేదు. కుటుంబపు నిధినుండి ఏడాదికి సుమారు 30 దీనారములు వచ్చుచుండెననియు, అందులో సగము సేవకునికిచ్చి తక్కిన సగముతో కాలము గడపెననియు చరిత్రకారులు వ్రాసిరి.

1008 ప్రాంతమున ఆయన బాగ్దాదు వెళ్ళెను. అది ఖలీఫాల రాజధాని. గ్రంథాలయములకు, పండిత గోష్ఠులకు నిలయము. అక్కడ ఏడాదిన్నర కాలము ఉండెను. గౌరవము లభించెను గాని, ఆత్మాభిమానము చంపుకొనక అక్కడ నిలుచుట సాధ్యము కాలేదు. ఇంతలో తల్లికి జబ్బుగా ఉన్నదని కబురు వచ్చెను. 1010లో ఆయన ఇల్లు చేరులోపలనే ఆమె కన్నుమూసెను. ఆ దుఃఖముతో ఆయన ఇల్లు విడిచి వెళ్ళరాదని నిశ్చయించుకొనెను. అంధత్వము ఒక చెర, గృహము రెండవ చెర అని భావించి, రెండు చెరలలోని బందీనని తనకు తానే పేరు పెట్టుకొనెను. ఆహార నియమము ఆరంభమైనదియు సుమారుగా ఆ కాలముననే. అప్పటికి ఆయనకు ముప్పదియేండ్లు దాటినవి.

ఏకాంతము కోరినవానికి ఏకాంతము దొరకలేదు. విద్యార్థులు దూరదేశములనుండి ఆ ఇంటికి రాసాగిరి. 1047లో పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో ఆ ఊరిమీదుగా పోవుచు, రెండువందలకు పైబడిన జనులు ఈ అంధుని పాదములచెంత చదువుకొనుచున్నారని తన యాత్రాగ్రంథమున వ్రాసెను. ఊరిలో అంత పలుకుబడి గలవాడు ముతకబట్ట కట్టి, యవల రొట్టెతో తృప్తిపడుచున్నాడని ఆశ్చర్యపడెను. చిరుసెనగపప్పు వంటి మసూరపప్పు కూర, తీపికి అత్తిపండ్లు: ఇంతకు మించి ఆయన పళ్ళెమున ఏమియు ఉండెడిది కాదు.

ఆయన పెద్ద కావ్యసంపుటికి లుజూమ్ మా లా యల్జమ్ అని పేరు. అవసరము లేని నియమమును తనపై విధించుకొనుట అని దానికి అర్థము. పద్యాంతమున ఒక్క అక్షరపు ప్రాస చాలునని అరబ్బీ ఛందస్సు చెప్పగా, ఆయన రెండక్షరముల ప్రాసను పెట్టుకొనెను. పద్యమునకు పెట్టుకొన్నట్లే బ్రతుకునకును పెట్టుకొనెను. చేయుమని ఎవ్వరును ఆజ్ఞాపింపనిదానిని, తన విచారణచేత ఉచితమని తోచినందున, తానే చేపట్టి చివరివరకు నిలుపుకొనెను. వ్రతమను మాట ఎరిగిన మనకు ఈ పద్ధతి క్రొత్తది కాదు.

ఇక ఆయన చెప్పిన కారణములు చూడదగినవి. చంపి తినుట తప్పనుట సులభము. చంపకయే లభించు పాలు, గ్రుడ్లు, తేనె ఏల వద్దనవలెను? ఆయన కాలమున పాల కర్మాగారములు లేవు, కోళ్ళ ఫారములు లేవు. మేకలు, గొఱ్ఱెలు కాపరుల వెంట కొండలలో మేయుచుండెడివి. వాటిని కొట్టుచున్నారనియో, ఆకలికి మాడ్చుచున్నారనియో ఆయన వాదము కాదు. ఆయన వేసిన ప్రశ్న ఒక్కటే: ఇది ఎవరి కొరకు పుట్టినది? తల్లి చన్నులలోని పాలు దాని పిల్ల కొరకు ఊరినవి. పక్షి తన సంతతి కొరకు గ్రుడ్డు పెట్టినది; ఏమరుపాటున దానిని తీసికొనుట అన్యాయము. తేనెటీగ పూవు పూవునకు తిరిగి కూడబెట్టినది తన కూటమి కొరకే గాని మనకు కానుకగా ఇచ్చుటకు కాదు. ఈ సంగతి తల నెరయకముందే తెలిసిరాలేదే అని ఆయన ఒక పద్యమున విచారపడెను.

వర్తకులకు ఈ ప్రశ్న వెంటనే అర్థమగును. ఒకరు తమ బిడ్డ కొరకు దాచిన సొమ్మును, వారిని మర్యాదగా చూచుకొనుచు తీసికొన్నంతమాత్రమున అది మన సొమ్ము కానేరదు. మన శాస్త్రము దీనిని అదత్తాదానమనును, అనగా ఇయ్యనిదానిని పుచ్చుకొనుట. శ్రావకుని మూడవ అణువ్రతము దానిని విడువుమనుచున్నది. అహింసాణువ్రతమునకు తత్త్వార్థసూత్రము చెప్పిన ఐదు అతిచారములలో బంధము మొదటిది, అన్నపాన నిరోధము చివరిది: ప్రాణిని కట్టివేయుట, దాని తిండిని, పానమును ఆపుట. పాలు పితుకునప్పుడు దూడను విడిచి, చేపు రాగానే లాగి గుంజకు కట్టుట మనమందరము చూచినదే. పశువులు గల ఊళ్ళలో దానిని తప్పని ఎవరును అనుకొనరు. అబుల్ అలా అనుకొనెను.

ఆయన చివరి ఏండ్లలో ఈ విషయమై గొప్ప వాదము నడిచెను. ఈజిప్టు నేలుచుండిన ఫాతిమీ ఖలీఫాల పక్షమున మతప్రబోధము చేయు అల్ ముఅయ్యద్ షీరాజీ అను పండితుడు, మాంసాదులను విడుచుటకు కారణమేమని లేఖ వ్రాసెను. సృష్టిలో మృగము మృగమును తినుచున్నది. సృష్టికర్తకంటె మనుష్యుడు ఎక్కువ దయగలవాడు కాదగునా? ఇది ఆయన ప్రశ్న. అబుల్ అలా వినయముతో బదులు వ్రాసెను. పిల్లను కోల్పోయిన తల్లిపశువు పడు వేదన అందరెరిగినదే. పిల్లను చంపి మాంసము తిని, అది త్రాగవలసిన పాలను యజమాని త్రాగుచున్నాడు. ఈ రెండింటికిని దూరముగా నిలిచినవాని తప్పేమి? పాలు నిషిద్ధములని తాను శాసింపలేదనియు, దయచేతను, దైవక్షమను కోరియు తనమట్టుకు మానుకొన్నాననియు తెలిపెను. తన రాబడి కొంచెమేననియు చెప్పుకొనెను. మంచి ఆహారమునకు ఏర్పాటు చేయింతునని ఆ పండితుడు ముందుకు రాగా, అక్కరలేదని మర్యాదగా తిరస్కరించెను. ఈ లేఖలను మార్గోలియత్ అను ఆంగ్ల పండితుడు 1902లో అనువాదముతో ప్రచురించెను.

ఆయనను గూర్చి అరబ్బు జీవితచరిత్రకారులు ఒక ముచ్చట చెప్పుదురు. జబ్బుపడినపుడు వైద్యుడు కోడిపిల్లను తినుమనెనట. వండి తెచ్చిన దానిని చేతితో తడవి చూచి, నీవు బలహీనమైనదానవు గనుక నిన్ను మందుగా వ్రాసిరి, సింహపు పిల్లను ఏల వ్రాయలేదని ఆయన బాధపడెనట. పట్టుకొన్న మిన్నల్లిని విడిచిపెట్టుట బిచ్చగానికి డబ్బిచ్చుటకంటె మేలని కూడ ఆయన భావన.

జైనశ్రావకుల ఆచారమును పోలిన ఈ ఆచారము ఆయనకెట్లు కలిగినది? భారతదేశపు జైనుల భావములు బాగ్దాదు మార్గమున ఆయనకు చేరియుండవచ్చునని 19వ శతాబ్దపు ఆస్ట్రియా పండితుడు అల్ఫ్రెడ్ వాన్ క్రెమర్ ఊహించెను. ఆయన భారతీయుల దహనసంస్కారమును మెచ్చుకొన్నమాట నిజమే. అయినను ఊహకు రుజువు దొరకలేదు. ఆయనను మనవానినిగా చెప్పుకొను తొందర మనకు అక్కరలేదు. శాస్త్రబలము లేకయే ఒకడు ఆ తీర్పునకు చేరగలిగెననుటయే ఎక్కువ విలువగల సంగతి.

1057లో అబుల్ అలా మరణించెను. ఆయన పెండ్లి చేసికొనలేదు. పుట్టించి తండ్రి తనకు చేసిన అపకారమును తాను మరెవ్వరికిని చేయలేదను భావము తన సమాధిపై చెక్కవలెనని కోరెనని చెప్పుదురు. 1944లో, హిజ్రీ లెక్కను ఆయన పుట్టి వేయి సంవత్సరములైన సందర్భమున, సిరియాలో గొప్ప ఉత్సవము జరిగెను. చిన్ననాడే చూపు కోల్పోయిన ఈజిప్టు రచయిత తాహా హుసేన్, 1914లో ఆయనపై పరిశోధన వ్రాసి పట్టము పొందినవాడు, అందు పాల్గొనెను. మారత్‌లో నిలిపిన ఆయన విగ్రహపు తలను 2013లో అంతర్యుద్ధపు సాయుధులు నరికివేసిరి.

అదే 1944 నవంబరులో ఇంగ్లండున డొనాల్డ్ వాట్సన్ మొదలగు కొందరు వీగన్ సంఘమును స్థాపించిరి. మాంసము మానిన తమ తోటి శాకాహారులు పాలు, గ్రుడ్లు ఏల వాడుచున్నారని వారి ప్రశ్న. పశువును బాగుగా చూచుకొన్నచో తప్పేమని అడిగినవారికి వారి సమాధానము అబుల్ అలా సమాధానమునకు దగ్గరిది. నేటి సంగతులు దానికి మరికొంత బలము చేకూర్చినవి. అడవికోడి ఏడాదికి 10, 15 గ్రుడ్లు పెట్టును. మనుష్యుడు పెంచి తీసిన జాతికోడి సుమారు 300 పెట్టును. పెంకునకు కావలసిన సున్నము దాని ఎముకలనుండి కూడ పోవును. పెరటిలో ముద్దుగా పెంచిన కోడియు తరచుగా పిల్లలను పొదిగించు కేంద్రమునుండి వచ్చినదే. అక్కడ మగపిల్లలను పుట్టిన నాడే చంపుదురు. జర్మనీ దేశము దీనిని 2022 నుండి నిషేధించినది. జీవము లేని గ్రుడ్డని పేరుపెట్టి అమ్మునప్పుడు ఈ లెక్క చెప్పరు.

పాల లెక్కయు ఇట్టిదే. ఆవు ఈనిననే పాలు. పాలు నిలువవలెనన్నచో మరల మరల ఈనవలెను. పుట్టిన దూడలలో సగము కోడెలు. ట్రాక్టరు వచ్చిన పిమ్మట వాటికి పని లేదు. ఆవు ఇరువదియేండ్లు బ్రతుకగలదు. పాలిచ్చునది అందులో కొంతకాలమే. దూడ కడుపునిండ త్రాగిన తరువాతి పాలు ఎన్ని? కోడెలను, ఒట్టిపోయిన ఆవులను చచ్చువరకు మేపు ఖర్చు ఎవరి పద్దున వ్రాయవలెను? మన పాంజరాపోలులు ఆ భారమును కొంత మోయుచున్నవి. అమ్ముడగు ప్రతి పాలచెంబు వెనుక ఆ ఖర్చు చెల్లుచున్నదా అని లెక్క చూచుట వర్తకునికి కష్టమైన పని కాదు.

మన పెద్దలు పాలను నిషేధింపలేదు. కాని చైత్రమున, ఆశ్వయుజమున తొమ్మిదేసి దినములు ఆయంబిల్ ఓళి చేయువారు పాలు, పెరుగు, నేయి లేని భోజనముతోనే గడుపుదురు. అట్లు బ్రతుకవచ్చునని మన ఇండ్లకు తెలియును. రుచులను జయించుటకు చేయు ఆ నియమమును, దూడ వాటాను తలచుకొని మరికొన్ని దినములు పొడిగింపవచ్చునా అనునది ఎవరికి వారు తేల్చుకొనవలసిన మాట. అబుల్ అలా కూడ ఎవరిని శాసింపలేదు. తన పళ్ళెమును మాత్రము చక్కబెట్టుకొనెను.