వాన కోసం ఎదురుచూసిన మెజిస్ట్రేటు

చేపలు పట్టేవాడి జీవితం కాలేజీ సంచికలో ఎందుకయ్యా అని మిత్రులు నవ్వేరు. ఆ చేపలు పట్టేవాడు కాలేజీ మెట్లెక్కకుండానే ఒక విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ అయ్యాడని చెప్పాక మరి నవ్వలేదు.

రోడెరిక్ హేగ్-బ్రౌన్ 1908 లో ఇంగ్లండులో పుట్టాడు. పదేళ్ళ వయసులో, 1918 లో, తండ్రి యుద్ధంలో పోయాడు. తాతగారు ఛార్టర్‌హౌస్ అనే పెద్ద బడికి ఒకప్పుడు హెడ్మాస్టరు. మనవడిని సరిగ్గా ఆ బడి నుంచే వెళ్ళగొట్టారు! 1926 లో కుర్రాడు అమెరికా వెళ్ళి వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లో కలప కేంపులో చేరాడు. అక్కడ ఉండే గడువు తీరిపోతే సరిహద్దు దాటి కెనడాలోని వాంకోవర్ దీవికి వచ్చాడు. 1934 లో పెళ్ళి చేసుకుని, క్యాంప్‌బెల్ నది ఒడ్డున కాపురం పెట్టాడు. ఇక ఆ నదే ఆయన లోకం.

ఆ నదికొచ్చే చేప స్టీల్‌హెడ్. జాతికి రెయిన్‌బో ట్రౌటే. ఏట్లో పుట్టి, సముద్రానికి పోయి బలిసి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఏటికొస్తుంది. ఎనిమిది, పది పౌన్లు మామూలు. సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది గాని, ఇది కొన్నిసార్లు బతికి తిరిగి సముద్రానికి పోతుంది. చలికాలంలో వచ్చేవి మొగ దగ్గర కాచుకునుంటాయి. కొండల మీద వాన పడి నది పొంగిందా, ఒక్కసారిగా ఎదురీదుతాయి. ఎర్రనీరు తగలగానే గోదావరిలోకి ఎగబడే మన పులస సంగతి తెలిసినవాళ్ళకి ఇది వింతగా తోచదు.

అయితే నది నిండుగా, బురదగా పారుతున్నప్పుడు గాలం వేసి లాభం లేదు. చేపకి ఎర కనిపించదు. వరద తీస్తున్నప్పుడు, నీటి మట్టం దిగుతూ బురదరంగు పోయి లేత ఆకుపచ్చ తేలే ఆ ఒకటి రెండు రోజులే అదను. మరీ తేటబడితే చేప బెదురుతుంది. అంచేత గాలం వేయడం కంటే నీటిని చదవడమే అసలు విద్య. హేగ్-బ్రౌన్ ఆ విద్యలో పండిపోయాడు. 1946 నాటి ఆయన పుస్తకం ‘ఎ రివర్ నెవర్ స్లీప్స్’ నెలల వారీగా నడుస్తుంది. జనవరి అంటే స్టీల్‌హెడ్డే. తరవాతి రోజుల్లో ముఖానికి అద్దం కట్టుకుని నదిలో మునిగి, చేపలు ఎక్కడ నిలుస్తాయో కళ్ళారా చూసేవాడు. పట్టినవాటిని చాలామటుకు వదిలేసేవాడు.

మధ్యలో ఉద్యోగం. లా డిగ్రీ లేకుండానే ఆ ఊరికి మూడు దశాబ్దాలకు పైగా మెజిస్ట్రేటు.

1947 లో ఆయన ఇంటికి ఎగువన జాన్ హార్ట్ ఆనకట్ట లేచింది. ఎల్క్ జలపాతాన్ని చేప ఎలాగూ ఎక్కలేదు గనక దారి మూసుకుపోయిందనలేం. కాని దిగువన నీరెప్పుడు పెరగాలి, ఎప్పుడు తగ్గాలి అన్నది వాన చేతిలోంచి గేట్లు తిప్పేవాళ్ళ చేతిలోకి పోయింది. గుడ్లు పెట్టుకునే గులకరాళ్ళు కూడా పైనుంచి కొట్టుకు రావడం మానేశాయి. ఏ నీటి కోసం ఆయన చలికాలమంతా ఎదురుచూసేవాడో, అది ఇక ఆఫీసు లెక్క!

తరవాత బటల్ సరస్సు వంతు వచ్చింది. అది 1911 లో ఏర్పడ్డ స్ట్రాత్‌కోనా పార్కులోది; బ్రిటిష్ కొలంబియాలో ప్రభుత్వం ప్రజలకని కేటాయించిన మొదటి పార్కు. దాని నీటిమట్టం పెంచి కరెంటు తీస్తామంటే హేగ్-బ్రౌన్ ఊరుకోలేదు. సభల్లో మాట్లాడాడు, పత్రికలకు రాశాడు. కరెంటు అక్కర్లేదా అని అడిగేవాళ్ళుంటారు, న్యాయమైన ప్రశ్నే. కాని ఒకసారి ప్రజలకిచ్చినదాన్ని అవసరమొచ్చినప్పుడల్లా వెనక్కి తీసుకుంటే ఇచ్చినట్టెలా అవుతుంది? నా మటుకు నాకు ఆయన వాదమే సబబనిపిస్తుంది. ఆయన ఓడిపోయాడు. 1958 లో ఆనకట్ట పూర్తయింది, సరస్సు ఒడ్డు మునిగిపోయింది.

ఓడినా ఊరు విడిచిపోలేదు. పుస్తకాలు రాస్తూనే ఉన్నాడు, ఏట్లో దిగుతూనే ఉన్నాడు. 1970 లో విక్టోరియా విశ్వవిద్యాలయం ఛాన్సలర్‌గా కూర్చోబెట్టింది. 1973 దాకా పట్టాలు పంచాడు. బడి నుంచి గెంటించుకున్న పిల్లవాడు పట్టభద్రుల ముందు గౌను తొడుక్కుని నిలబడ్డ ఆ దృశ్యం తలుచుకుంటే, హాజరు చాలక ఇంటికి ఉత్తరాలందుకునే మా క్లాసు మిత్రులు కొందరు గుర్తొస్తారు.

1976 అక్టోబరు 9 న కన్నుమూశాడు. శీతకాలపు చేప ఏరెక్కడానికి ఇంకా రెండు నెలలు వ్యవధి ఉంది.