పనితనం ఆయనది... పట్టా ఇంకొకరిది!

కార్ల్‌టన్ వాట్కిన్స్ తీసిన ఫొటోలు అమెరికాలో ఒక చట్టానికి ఊతమిచ్చాయి. పారిస్‌లో పతకం తెచ్చాయి. చివరికి అవే ఫొటోలు మరొకరి పేరుతో మార్కెట్లోకి వచ్చాయి. కెరియర్ మొదలుపెట్టబోతున్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన జీవితం ఇది.

స్కిల్ ఉంటే చాలు, డబ్బూ పేరూ వాటంతటవే నడిచొస్తాయని క్యాంపస్‌లో తరచూ వింటుంటాం. ఇందులో నిజం లేకపోలేదు. మరి స్కిల్ ఉండి, ఒళ్లు వంచి కష్టపడి, గుర్తింపు కూడా తెచ్చుకున్న మనిషి ఖాళీ చేతులతో ఎందుకు మిగిలిపోతాడు? 19వ శతాబ్దపు ఫొటోగ్రాఫర్ వాట్కిన్స్ జీవితంలో దీనికి జవాబు దొరుకుతుంది. ఆయన చేసిన వ్యాపారం పేరు స్టీరియోస్కోపిక్ ఫొటోగ్రఫీ. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆనాటి త్రీడీ.

క్లర్కు పని నుంచి కెమెరా వెనక్కి

వాట్కిన్స్ 1829 నవంబరు 11న న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనియాంటా అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి వడ్రంగి పని చేసేవారు, పూటకూళ్ల ఇల్లు కూడా నడిపేవారు. కాలిఫోర్నియాలో బంగారం దొరుకుతోందన్న కబురుతో దేశమంతా పడమటికి పరుగులు తీస్తున్న రోజులవి. 1851లో వాట్కిన్స్ కూడా బయల్దేరారు. అదే ఊళ్లో కొట్టు నడిపిన కాలిస్ హంటింగ్టన్ ఆయనకు తెలిసినవారు. ఈ హంటింగ్టనే తర్వాత సెంట్రల్ పసిఫిక్ రైల్వే అధిపతుల్లో ఒకరయ్యారు.

వాట్కిన్స్‌కు బంగారమేమీ దొరకలేదు. శాక్రమెంటోలో సరకులు చేరవేసే పని, శాన్‌ఫ్రాన్సిస్కోలో పుస్తకాల షాపులో గుమాస్తా కొలువు... దొరికిన పనల్లా చేశారు. 1850ల మధ్యలో రాబర్ట్ వాన్స్ అనే స్టూడియో యజమాని దగ్గర ఓ ఖాళీ వచ్చింది. శాన్‌హోసే స్టూడియోలో పనిచేసే ఆపరేటర్ ఉన్నట్టుండి మానేశాడట. కొత్తవాడు దొరికేదాకా కూర్చోమని వాట్కిన్స్‌ని పంపారట. అప్పటికి ఆయనకు కెమెరా గురించి ఏమీ తెలియదు. కొద్ది రోజుల్లోనే పని పట్టేశారు. నాలుగు రోజుల కోసం వెళ్లిన పనే జీవితకాలపు వృత్తి అయింది.

1858 నాటికి సొంతంగా పని చేసుకోవడం మొదలుపెట్టారు. గనుల యజమానులు, కోర్టు కేసుల్లో భూముల హద్దులు చూపించాల్సినవారు తొలి కస్టమర్లు. ఫొటోలో ప్రతి రాయీ, ప్రతి చెట్టూ స్పష్టంగా కనిపించాలి. తేడా వస్తే సాక్ష్యం చెల్లదు. ఆ క్రమశిక్షణ ఆయనకు ముందుముందు బాగా పనికొచ్చింది.

ఒక కార్డు... రెండు బొమ్మలు

ఆ రోజుల్లో ఫొటోగ్రాఫర్లకు డబ్బు తెచ్చిపెట్టింది స్టీరియో కార్డు. మన రెండు కళ్లూ ఒకే వస్తువును కొద్దిపాటి తేడాతో చూస్తాయి. మెదడు ఆ రెండు దృశ్యాలనూ కలిపి లోతును పసిగడుతుంది. ఈ సంగతిని 1838లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ ఒక పరికరంతో నిరూపించారు. పక్కపక్కన రెండు లెన్సులున్న కెమెరాతో రెండు ఫొటోలు తీసి, వాటిని ఒకే అట్టముక్క మీద అతికించి, కళ్లద్దాల్లాంటి పరికరంలోంచి చూస్తే చాలు. కొండ కొండలాగే ముందుకొస్తుంది, లోయ లోయలాగే లోపలికి పోతుంది. ఇప్పటి వీఆర్ హెడ్‌సెట్ పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే.

1851 లండన్ మహా ప్రదర్శన తర్వాత ఈ పరికరాలకు గిరాకీ అమాంతం పెరిగింది. 1854లో లండన్ స్టీరియోస్కోపిక్ కంపెనీ మొదలైంది. అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే వైద్యుడు, రచయిత చేత్తో పట్టుకుని చూసే చవక పరికరాన్ని తయారుచేసి, కావాలనే పేటెంట్ తీసుకోకుండా వదిలేశారు. దాంతో ఎవరైనా దాన్ని తయారుచేసి అమ్ముకునే వీలు కలిగింది. టీవీ, సినిమా లేని కాలంలో మధ్యతరగతి ఇళ్లకు అదే వినోదం, అదే విజ్ఞానం.

ఇంత గిరాకీ ఉన్న వ్యాపారంలో పెత్తనం పబ్లిషర్లదే. శాన్‌ఫ్రాన్సిస్కోలో లారెన్స్ అండ్ హౌస్‌వర్త్ అనే సంస్థ ఉండేది. ఫొటోగ్రాఫర్ల దగ్గర నెగటివ్‌లు తీసుకుని, కార్డుల మీద తమ సంస్థ పేరు వేసి అమ్మేది. ఎండలో నిలబడి ఫొటో తీసిన మనిషి పేరు చాలాసార్లు ఎక్కడా ఉండేది కాదు. అప్పట్లో అదే మార్కెట్ పద్ధతి. నెగటివ్ ఎవరి చేతిలో ఉంటే వారిదే ఫొటో.

కంచర గాడిదలపై కెమెరా

1861లో వాట్కిన్స్ యోసెమిటీ లోయకు బయల్దేరారు. రెండేళ్ల ముందే చార్లెస్ వీడ్ అనే ఫొటోగ్రాఫర్ అక్కడికి వెళ్లొచ్చారు. ఆయన తీసినదానికంటే ఎన్నో రెట్లు మెరుగ్గా తీయాలన్నది వాట్కిన్స్ పట్టుదల. సుమారు 18 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవున్న అద్దం పలకలు పట్టే పెద్ద కెమెరాను ప్రత్యేకంగా చేయించుకున్నారు. దానికి తోడు ఓ స్టీరియో కెమెరా. అద్దాలు, రసాయనాల సీసాలు, చీకటి గుడారం, తిండి సామాన్లు... అన్నీ కంచర గాడిదల మీద కొండ దారిలో సాగాయి.

అక్కడ పని ఎలా ఉండేదో ఊహించండి. అద్దం పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని సమంగా పూయాలి. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి. వెంటనే గుడారంలోకి పరిగెత్తి డెవలప్ చేయాలి. దుమ్ము పడితే పోయింది. పలక ఆరితే పోయింది. గాడిద కాలు జారితే మొత్తం పోయింది. అన్ని ఇబ్బందుల మధ్య ఆ ప్రయాణంలో ఆయన 30 పెద్ద ఫొటోలు, దాదాపు 100 స్టీరియో నెగటివ్‌లు తెచ్చారు.

1862 చివర్లో న్యూయార్క్‌లోని గూపిల్ గ్యాలరీలో ఆ ఫొటోలు ప్రదర్శిస్తే చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. అంతర్యుద్ధంతో సతమతమవుతున్న దేశానికి ఇలాంటి లోయ ఒకటుందని అప్పుడు తెలిసింది. 1864 జూన్ 30న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఓ చట్టంపై సంతకం చేశారు. యోసెమిటీ లోయను, అక్కడి మహావృక్షాల వనాన్ని ప్రజల కోసం కాపాడాలంటూ కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించిన చట్టమది. లింకన్ ఆ లోయను ఎన్నడూ చూడలేదు. దేశ రాజధానిలో ఆ లోయ విలువను చాటిన వాటిలో వాట్కిన్స్ ఫొటోలది ముఖ్యమైన పాత్ర అని చరిత్రకారులు భావిస్తారు. అక్కడి ఓ కొండకు మౌంట్ వాట్కిన్స్ అని పేరు కూడా పెట్టారు. 1867 పారిస్ ప్రదర్శనలో పతకమూ వచ్చింది.

పేరొచ్చింది... హక్కు?

ఇక్కడిదాకా కథ వింటే మనం రోజూ చదివే సక్సెస్ స్టోరీలాగే ఉంది. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. 1861లో తీసిన ఫొటోలకు కాపీరైట్ లేదు. అమెరికాలో ఫొటోలను కాపీరైట్ పరిధిలోకి తెచ్చింది 1865లో. ఆలోగా ఆయన ఫొటోలను ఇతరులు కాపీ తీసి అమ్ముకున్నారు. పైసా కూడా ఆయనకు రాలేదు. 1867 నుంచి కొత్త ఫొటోలకు హక్కులు నమోదు చేయించడం మొదలుపెట్టారు.

అంతకంటే పెద్ద దెబ్బ డబ్బు వైపు నుంచి పడింది. 1870ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కో మాంట్‌గోమరీ వీధిలో యోసెమిటీ ఆర్ట్ గ్యాలరీని ఆర్భాటంగా తీర్చిదిద్దారు. ఖర్చంతా అప్పే. కొండెక్కి ఫొటో తీయడంలో చూపిన శ్రద్ధ ఖాతా పుస్తకాల మీద చూపలేదు. 1873లో ఆర్థిక మాంద్యం వచ్చింది. 1875 ఆగస్టులో బ్యాంక్ ఆఫ్ కాలిఫోర్నియా తలుపులు మూసింది. అప్పులవాళ్లు ఇంటి ముందు నిలబడ్డారు. కొద్ది నెలల్లోనే గ్యాలరీ, అందులోని నెగటివ్‌లు అప్పిచ్చిన జాన్ జే కుక్ చేతికి వెళ్లిపోయాయి. కుక్‌తో కలిసిన ఐజయా టేబర్ అనే మరో ఫొటోగ్రాఫర్ వాటిని అచ్చు వేసి అమ్మడం మొదలుపెట్టారు, తన పేరుతో. పదిహేనేళ్లు కొండల్లో పడ్డ కష్టం ఒక్క సీజన్‌లో పరాయి సొత్తయింది. చట్టం దృష్టిలో ఇందులో దొంగతనమేమీ లేదు. తాకట్టు తీర్చలేదు, సొత్తు పోయింది.

నాణేనికి మరో వైపు

వాట్కిన్స్‌ను బాధితుడిగా మాత్రమే చూస్తే కథ సగమే. సెంట్రల్ పసిఫిక్ రైలు మార్గం వేస్తున్నప్పుడు, 1864 నుంచి 1869 దాకా ఆల్‌ఫ్రెడ్ హార్ట్ అనే ఫొటోగ్రాఫర్ 364 స్టీరియో ఫొటోలు తీశారు. సొరంగాలు, వంతెనలు, పట్టాలు వేసే కూలీలు... అమెరికా చరిత్రలోనే విలువైన చిత్రాలవి. 1870 ప్రాంతంలో ఆ నెగటివ్‌లు వాట్కిన్స్ చేతికొచ్చాయి. ఆయన వాటిని తన పేరుతోనే ప్రచురించారు. హార్ట్ పేరు పక్కకు పోయింది. అయిదారేళ్లు తిరిగేసరికి అదే పని టేబర్ ఆయనకు చేశారు. మనకు లాభం ఉన్నంతకాలం మార్కెట్ పద్ధతి అన్యాయంగా కనిపించదు. ఆ పద్ధతి మన మీదికి వచ్చినప్పుడే కళ్లు తెరుచుకుంటాయి.

46 ఏళ్లకు మళ్లీ మొదటి మెట్టు

అంతా పోయినప్పుడు వాట్కిన్స్ వయసు 46. చేతిలో ఒక్క పాత నెగటివ్ లేదు. మళ్లీ కెమెరా ఎత్తుకున్నారు. ఒకప్పుడు తీసిన చోట్లకే వెళ్లి మళ్లీ ఫొటోలు తీశారు. వాట్కిన్స్ న్యూ సిరీస్ పేరుతో కొత్త కార్డులు తెచ్చారు. దక్షిణ కాలిఫోర్నియా, అరిజోనా, ఉత్తరాన కొలంబియా నది ప్రాంతం... రైలు ఎక్కడిదాకా వెళ్తే అక్కడిదాకా వెళ్లారు. ఆ దశలో తీసిన వాటిలోనూ గొప్ప ఫొటోలున్నాయి. 1879లో తన 50వ పుట్టినరోజున ఫ్రాన్సిస్ స్నీడ్‌ను పెళ్లి చేసుకున్నారు. కూతురు జూలియా, కొడుకు కాలిస్. కొడుకుకు పాత మిత్రుడు హంటింగ్టన్ పేరే పెట్టుకున్నారు.

కానీ పాత నష్టం పూడలేదు. తన పాత ఫొటోలతోనే తను పోటీ పడాల్సి వచ్చింది. ఎందుకంటే అవి టేబర్ షాపులో అమ్ముడవుతూనే ఉన్నాయి. 1890ల్లో చూపు మందగించింది. అద్దె కట్టలేక కొంతకాలం కుటుంబంతో సహా వాడకంలో లేని రైలు బోగీలో తలదాచుకున్నారు. హంటింగ్టన్ చివరికి కాపే లోయలో కాస్త పొలం ఇప్పించారు.

ముసలితనంలో ఒక ఆశ చిగురించింది. ఆయన దగ్గరున్న నెగటివ్‌లను, ఫొటోలను తీసుకోవడానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తరఫున మాటలు నడిచాయి. ఆ ఒప్పందం పూర్తికాకముందే, 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోను భూకంపం కుదిపేసింది. వెంటనే మంటలు చెలరేగాయి. వాట్కిన్స్ స్టూడియో బూడిదైంది. టేబర్ స్టూడియో కూడా అదే మంటల్లో కాలిపోయింది. పోగొట్టుకున్నవీ, మళ్లీ సంపాదించుకున్నవీ రెండూ ఒకే అగ్నికి ఆహుతయ్యాయి. చూపు దాదాపు పోయిన ఆ పెద్దాయనను చేయి పట్టుకుని వీధిలో నడిపిస్తున్న ఫొటో ఒకటి నేటికీ మిగిలుంది.

ఆ దెబ్బ నుంచి ఆయన కోలుకోలేదు. 1910లో నాపాలోని మానసిక చికిత్సాలయంలో చేర్చారు. 1916 జూన్ 23న అక్కడే కన్నుమూశారు. సమాధిపై పేరు కూడా లేదు. రెండు నెలల తర్వాత, ఆగస్టు 25న అమెరికాలో జాతీయ పార్కుల సేవా సంస్థ ఏర్పడింది. ఈరోజు వాట్కిన్స్ ఫొటోలు ప్రపంచ ప్రసిద్ధ మ్యూజియంలలో ఉన్నాయి. ఎవరెవరో కొనుక్కుని ఇంట్లో దాచుకున్న ప్రింట్లే వాటిని బతికించాయి.

మీరు ఏం చూసుకోవాలి?

ఫొటోల స్థానంలో ఇప్పుడు కోడ్, డిజైన్, వీడియో, కంటెంట్ వచ్చాయి. ప్రశ్న మాత్రం అదే: చేసిన పని ఎవరిది?

- ఆఫర్ లెటర్‌లో జీతం అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి వేరే ఒప్పందం లేకపోతే తొలి యజమాని సంస్థే. డబ్బు తీసుకుని ఒకరి కోసం తీసిన ఫొటో మీద కూడా, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు డబ్బిచ్చినవారిదే.

- సొంతంగా చేసిన పనికి హక్కు అది తయారైనప్పుడే పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఫ్రీలాన్స్ పనిలో ఆ హక్కును రాసిస్తున్నారా, రాసిస్తే ఎంతకాలానికి, ఎంత మొత్తానికి అన్నది కాగితం మీద ఉండాలి. నోటి మాట చెల్లదు.

- స్టార్టప్ పెడుతున్నారా? అప్పు తీసుకునే ముందు ఏది తాకట్టు పెడుతున్నారో గమనించండి. బల్లలు, కుర్చీలు పోతే మళ్లీ కొనొచ్చు. మీ పని మొత్తం తాకట్టులోకి వెళ్తే మిగిలేది ఏమీ ఉండదు.

- చేసిన పనికి రెండో కాపీ వేరే చోట ఉంచండి. ఎప్పుడు ఏ తేదీన ఏం చేశారో రాసిపెట్టుకోండి.

- టీమ్ ప్రాజెక్టును రెజ్యుమేలో రాసేటప్పుడు ఏ భాగం మీదో, ఏది స్నేహితుడిదో నిజాయతీగా చెప్పండి. ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు అడిగితే నిజం తేలిపోతుంది. అంతకుమించి, హార్ట్ పేరు చెరిపేసిన వాట్కిన్స్‌కు తన పేరు చెరిగిపోయినప్పుడు అడిగే నోరు లేకుండా పోయింది.

వాట్కిన్స్ పనితనానికి 150 ఏళ్ల తర్వాత కూడా వంక పెట్టలేం. అంత పనితనం మీకూ అబ్బాలి. దాంతోపాటు ఆయన చదవకుండా వదిలేసిన కాగితాలను కూడా మీరు చదవాలి.