అస్థిపంజరమూ, అక్షరమాలా

విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరును గీతాంజలి కర్తగా లోకమంతా ఎరుగును. పసిపిల్లలకు వాచకాలు కూర్చిన పంతులుగా, పెద్దలకు నిద్రపట్టనీయని కథలు వ్రాసిన కథకునిగా ఆయనను తలచుకొనేవారు తక్కువ. ఈ రెండు వ్యాసంగాలకూ బీజం ఆయన బాల్యంలోనే పడింది.

రవీంద్రుడు 1861 మే 7వ తేదీన కలకత్తాలోని జొరాసాంకో భవనంలో జన్మించాడు. తొలి వాచకంలో వానను గూర్చిన రెండు చిన్న మాటలు ఆ బాలునికి కవిత్వానందాన్ని చవిచూపాయి. తరువాతి చదువులో ఆ ఆనందం కరవైంది. బడి చెరసాలగా తోచింది. ఇంట్లో రాత్రివేళ దీపం ముందు ఇంగ్లీషు పాఠం. కన్నులు మూతలు పడుతున్నా పంతులు విడిచేవాడు కాడు. చదువుల గదిలో తీగలతో కూర్చిన మానవ అస్థిపంజరం ఒకటి వ్రేలాడేది. ఎముకల పేర్లు దానిని చూచే వల్లించవలసి వచ్చింది.

ఆ ఎముకల గూడు ఆయనను విడువలేదు. 1892లో వెలువడిన కంకాళ కథలో అటువంటి అస్థిపంజరాన్ని వెదకికొంటూ ఒక స్త్రీ అర్ధరాత్రి వచ్చి, తన అందమూ, వలపూ, తాను పెట్టిన విషమూ చెప్పుకొంటుంది. 1884లో వదిన కాదంబరీదేవి బలవన్మరణం ఆయన హృదయాన్ని క్రుంగదీసింది. 1892లోనే వ్రాసిన మరొక కథలో, చనిపోయిందని శ్మశానానికి మోసుకుపోయిన వితంతువు బ్రతికి తిరిగివస్తుంది. ఆమె సజీవ అని ఎవరూ నమ్మరు. ఆ సంగతి ఋజువు చేయటానికి ఆమె నిజంగానే ప్రాణం విడువవలసి వస్తుంది. 1878లో అహమ్మదాబాదులో అన్నగారింట బసచేసిన షాహీబాగ్ రాజభవనం 1895లో క్షుధిత పాషాణమై, పత్తిపన్ను వసూలుచేసే ఉద్యోగిని రాత్రి రాత్రీ లోనికి లాగుకొన్నది.

మరుసటి ఏడే, 1896లో, అదే చేయి పిల్లలకోసం సంస్కృత శిక్ష వ్రాసింది. 1901లో శాంతినికేతనంలో, చెట్ల నీడన, చెరసాల కాని బడి వెలిసింది. వెనువెంటనే కష్టాలు మీదపడ్డాయి. 1902లో భార్య మృణాళినీదేవి, 1903లో కుమార్తె రేణుక, 1905లో తండ్రి దేవేంద్రనాథుడు, 1907లో కుమారుడు శమీంద్రుడు గతించారు. ఈ మరణాల నడుమనే 1904లో ఇంగ్లీషు సోపానం, ఆ పిమ్మట 1909లో ఇంగ్లీషు శ్రుతిశిక్ష వెలువడ్డాయి. పుస్తకం పట్టకముందే పిల్లలు చెవితో విని, ఆడుతూ చేసిచూపి, పరభాషకు అలవాటుపడాలన్నది శ్రుతిశిక్షలోని పద్ధతి. దీపం ముందు కునికిపాట్లు పడిన బాలుడు తన శిష్యులకు ఆ శిక్ష తప్పించదలచాడు.

కథలలో అంతటి చీకటిని నింపినవాడు వాచకాలలోకి దానిని రానీయలేదు. 1930లో నందలాల్ బోసు చిత్రాలతో వచ్చిన సహజపాఠంలో ఏరూ, సంతా, వానా, పల్లె జనులూ కనిపిస్తారు. రెండవ భాగంలో బందిపోట్లు రాకపోలేదు. అయితే వారిని ఎదిరించే నౌకరు పల్లకి ప్రక్కనే ఉంటాడు. పెద్దలకు ఒంటరిగా ఎదుర్కొనక తప్పని భయాన్ని, పిల్లలకు మాత్రం తోడిచ్చి చూపాడు.

1941 ఆగస్టు 7వ తేదీన రవీంద్రుడు తాను పుట్టిన జొరాసాంకో భవనంలోనే కన్నుమూశాడు. ఆ తరువాత దశాబ్దాలపాటు వంగదేశపు పిల్లలు సహజపాఠంతోనే అక్షరాలు దిద్దుకొన్నారు.