నిత్యసాధనాశీలి శ్రీకృష్ణదేవరాయలు

శ్రీకృష్ణదేవరాయల పేరు వినగానే సాహిత్యాభిమానులకు భువనవిజయ సభామండపం, అష్టదిగ్గజ కవులు, ఆముక్తమాల్యద ప్రబంధం మనసులో మెదలుతాయి. చరిత్ర చదివినవారికి ఉదయగిరి, కొండవీడు, రాయచూరు యుద్ధాలు గుర్తుకు వస్తాయి. సాహితీ సమరాంగణ సార్వభౌముడు అనే ప్రశస్తి ఈ రెండు పార్శ్వాలనూ తనలో ఇముడ్చుకొన్నది. అయితే ఆ ఘంటానికీ, ఆ ఖడ్గానికీ కూడా ఆధారమైన సాధన మరొకటి రాయల జీవితంలో ఉంది. దానికి ప్రేక్షకులు లేరు, పొగిడే వంది మాగధులు లేరు. తెల్లవారకముందే, తన నగరులోనే, ప్రతిదినం ఆయన చేసిన దేహసాధన అది.

రాయలు తుళువ వంశీయుడు. తండ్రి నరస నాయకుడు, తల్లి నాగలాంబ. అన్న వీరనరసింహరాయల అనంతరం 1509లో విజయనగర సింహాసనం అధిష్ఠించాడు. ఆ సింహాసనం ఆయనకు సులభంగా దక్కలేదని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిన వృత్తాంతం చెబుతుంది. వీరనరసింహరాయలు మరణశయ్యపై ఉండి, తన కుమారునికి రాజ్యం దక్కాలనే కోరికతో తమ్ముని కన్నులు తీయించమని ఆజ్ఞాపించాడట. మంత్రి తిమ్మరుసు మేక కన్నులు చూపి రాయలను కాపాడాడట. ఈ కథ సత్యాసత్యాలు ఎట్లున్నా, రాయలకు లభించిన రాజ్యం మాత్రం పూలపాన్పు కాదు. తూర్పున గజపతులు, ఉత్తరాన సుల్తానులు, దక్షిణాన ఉమ్మత్తూరు పాలకులు ఆయన శక్తిని పరీక్షించడానికి సిద్ధంగా ఉన్నారు.

1520 ప్రాంతంలో విజయనగరాన్ని సందర్శించిన మరొక పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయలను దగ్గరనుండి చూశాడు. ఆయన వర్ణించిన రాయలు శిల్పి చెక్కిన వీరవిగ్రహం వంటివాడు కాడు. మధ్యమమైన ఎత్తు, మంచి ఛాయ, కొంచెం స్థూలమనదగిన శరీరం, ముఖం మీద మశూచి మచ్చలు. ప్రకృతి ఆయనకు ప్రత్యేకంగా ప్రసాదించిన దేహసౌష్ఠవం ఏదీ ఈ వర్ణనలో కనిపించదు. కనిపించేదంతా అభ్యాసబలమే.

పేస్ రాసిన దినచర్య ఇది. సూర్యోదయానికి ఎంతో ముందే రాయలు మేల్కొని అరలీటరుకు కొంచెం తక్కువగా నువ్వుల నూనె తాగేవాడు. శరీరమంతా ఆ నూనెనే పట్టించుకొని, చిన్న వస్త్రం మాత్రం కట్టుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తేవాడు. తరువాత ఖడ్గం పట్టి, పట్టించుకొన్న నూనె అంతా చెమటగా కారిపోయేవరకు సాము చేసేవాడు. ఆపైన ఆస్థాన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టేవాడు. అటుపిమ్మట గుర్రమెక్కి మైదానంలో అటూ ఇటూ తెల్లవారే వరకు స్వారీ చేసేవాడు. స్నానం, దేవతార్చన ముగిసిన తరువాతనే రాచకార్యాలకు ఉపక్రమించేవాడు. అంటే ప్రజలు నిద్రలేచే వేళకు ప్రభువు ఒక పూట శ్రమ ముగించి ఉండేవాడన్నమాట.

ఈ శ్రమ వృథా కాలేదు. ఒకటిన్నర సంవత్సరాల ముట్టడి అనంతరం 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు రాయల వశమైనాయి. అక్కడినుండి ఆయన సేన కృష్ణను దాటి, కొండపల్లిని జయించి, రాజమహేంద్రవరం మీదుగా కళింగానికి సాగింది. గౌతమీ వసిష్ఠ పాయలుగా చీలి కోనసీమను ఒడిలోకి తీసుకోకముందు గోదావరి అఖండంగా ప్రవహించే సీమ అది. 1516లో సింహాచల నరసింహుని సేవించి రాయలు వేయించిన శాసనం నేటికీ అక్కడ ఉంది. 1520లో రాయచూరు యుద్ధంలో విజయనగర సేనాముఖం చెదరిపోయి సైనికులు వెనుదిరిగినప్పుడు, రాయలు స్వయంగా అశ్వమెక్కి ముందుకు ఉరికి సేనను నిలబెట్టాడని నూనిజ్ రాశాడు. ప్రతి వేకువనా గుర్రం మీద గడిపిన ఆ ఘడియల విలువ ఆనాడు తెలిసివచ్చింది.

దేహసాధన రాజుకు మాత్రమే పరిమితమైన నియమం కాదు. రాయల నగరులో మల్లయుద్ధం చేసే స్త్రీలు కూడా ఉండేవారని నూనిజ్ పేర్కొన్నాడు. అంతకంటె విశేషమైనది పేస్ వర్ణించిన నర్తనశాల. పొడవుగా ఉండే ఆ శాలలో శిల్పాలంకృతమైన స్తంభాల నడుమ ఫలకాలు ఉండేవి. ఒక్కొక్క నృత్యం ముగింపులో నర్తకి ఏ భంగిమలో నిలవాలో ఆ ఫలకాలలో చెక్కి ఉండేది. అభ్యాసం చేసే యువతి ముగింపును మరచిపోతే ఫలకం వైపు చూసి గుర్తు తెచ్చుకొనేది. శాల చివర ఎడమవైపున చిత్రించిన గూడు వంటి స్థలం ఒకటి ఉండేది. అక్కడ నర్తకులు చేతులతో ఆధారం పట్టుకొని కాళ్లను, దేహాన్ని సాగదీసి సడలించుకొనేవారు. నాట్యంలో లాలిత్యం కలగడానికి ముందు శరీరమంతా వంగేటట్లు వారికి అక్కడ శిక్షణ ఇచ్చేవారు. కుడివైపు చివర రాజు కూర్చొని నృత్యం చూసే చోటు. ఒకే శాలలో ఒక కొనన శ్రమ, మరొక కొనన ఆ శ్రమఫలమైన కళాస్వాదనం!

ఐరోపాలోని బ్యాలే నృత్యానికి కూడా ఆధారం ఇటువంటి అభ్యాసమే. ఇటలీ రాజాస్థానాలలో అంకురించిన ఆ కళకు 1661లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ ఒక అకాడమీని స్థాపించాడు. బ్యాలే నర్తకులు నేటికీ నడుము ఎత్తున ఉండే అడ్డుకమ్మిని పట్టుకొని దినచర్య ప్రారంభిస్తారు. జర్మనీలో జన్మించి లండను చేరిన లొట్టె బెర్క్ అనే నర్తకి ఈ పద్ధతిని వ్యాయామంగా మలచి 1959లో సామాన్య స్త్రీలకు నేర్పడం ప్రారంభించింది. ఆ వ్యాయామం ఈనాడు ఎన్నో దేశాల ఇళ్లలోకి ప్రవేశించింది. విజయనగర నర్తనశాలకూ దీనికీ సంబంధం ఉన్నదని చెప్పడం ఉద్దేశం కాదు. ఒకే సత్యాన్ని రెండు నాగరికతలు వేర్వేరుగా గ్రహించాయనడమే ఉద్దేశం. చేతికి ఆధారం ఉంటే తూలిపోతామన్న భయం తగ్గుతుంది. అప్పుడు తుంటి, మోకాలు, చీలమండల కండరాలు నెమ్మదిగా, సంపూర్ణంగా పనిచేస్తాయి. మన కూచిపూడి విద్యార్థులు అరమండిలో నిలిచి అడవులు వేయడం కూడా ఈ కండరాలకు బలమిచ్చే సాధనే.

ఇంతటి క్రమశిక్షణ గల రాయల జీవితం విషాదాంతం కావడం విధివైపరీత్యం. కుమారుడైన తిరుమలరాయలు బాల్యంలోనే మరణించాడు. విషప్రయోగం జరిగిందన్న అనుమానంతో, పుత్రశోకంలో మునిగిన రాయలు తనను పెంచి పెద్దచేసిన తిమ్మరుసును చెరలో పెట్టించి, కన్నులు తీయించాడని నూనిజ్ కథనం. ఒకనాడు తన కన్నులను కాపాడినవాని కన్నులే తీయించవలసి రావడం కంటె దారుణమేమున్నది? నిత్యసాధనతో దేహాన్ని వశం చేసుకొన్న చక్రవర్తికి దుఃఖం ముంచుకొచ్చిన వేళ మనస్సు వశం కాలేదు. 1529 అక్టోబరు 17న ఆయన కన్నుమూశాడు. కర్ణాటకలోని తుమకూరు సమీపాన హొన్నేనహళ్లిలో వెలుగుచూసిన శాసనం ఈ తేదీని స్పష్టం చేసింది.

రాయల జీవితం మనకు రెండు విషయాలు బోధిస్తుంది. మొదటిది, శరీరబలం సంపదతో గాని, పుట్టుకతో గాని వచ్చేది కాదు. ప్రతి ఉదయం సంపాదించుకోవలసినది. రెండవది, ఆ బలానికి మనోనిగ్రహం తోడు కానినాడు అది అసంపూర్ణమే. రాయల వలె నూనె తాగనక్కరలేదు, మల్లులతో తలపడనక్కరలేదు. ఖరీదైన పరికరాలూ అక్కరలేదు. కోనసీమలోని మండువా లోగిలి స్తంభమైనా, అమలాపురంలోని అద్దె ఇంటి కిటికీ ఊచ అయినా చేతికి ఆధారం కాగలదు. దానిని పట్టుకొని నిటారుగా నిలబడి, మడమలను మెల్లగా పైకెత్తి దించడం, మోకాళ్లను పక్కలకు వంచి లేవడం వంటివి, నొప్పి కలిగితే ఆపుతూ, పది నిమిషాలు చేసినా మేలే. ఒకనాడు గంటసేపు చేసి మానివేయడం కంటె ప్రతిదినం పది నిమిషాలు చేయడం శ్రేష్ఠం. పరీక్షల వేళ అర్ధరాత్రి వరకు పుస్తకం ముందు కూర్చొనే విద్యార్థులు మొదట పక్కన పెట్టేది వ్యాయామాన్నే. ఒక సామ్రాజ్యాన్ని మోసినవాడు ఏనాడూ పక్కన పెట్టనిది కూడా దానినేనని వారు గుర్తించాలి.