బుర్రకథా పితామహుడు షేక్ నాజర్

గడచిన దశాబ్దాల వార్తలను, సంగీతాన్ని తలచుకొనేటప్పుడు మనం వాటిని రెండు వేర్వేరు గదులలో ఉంచుతాము. వార్త అనగా పత్రిక, సంగీతం అనగా కచేరీ అని మన భావన. కాని పత్రిక చేరని పల్లెలలో, అక్షరం రాని శ్రోతల నడుమ, ఈ రెండూ ఒకే వేదిక మీద, ఒకే రాత్రి వినిపించిన కాలం ఒకటుండేది. ఆ వేదిక పేరు బుర్రకథ. దానికి ఆంధ్రదేశమంతటా కీర్తి తెచ్చిన మహనీయుడు షేక్ నాజర్. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాలలో ఆయన జీవితాన్ని స్మరించుట ఎంతైనా సముచితమని మేము భావిస్తున్నాము.

నాజర్ గారు 1920 ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామంలో జన్మించారు. తండ్రి షేక్ మస్తాన్, తల్లి బీనాబీ. వారిది దూదేకుల కుటుంబం. దూది ఏకుట కులవృత్తిగా గల ఈ వర్గంలో అనేకులకు తెలుగే ఇంటి భాష. సన్నాయి, నాదస్వరం వంటి మంగళవాద్యాలలో వీరు తరతరాలుగా పేరు గడించారు. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారిని ఈ సందర్భంలో పాఠకులు గుర్తు చేసుకోగలరు. కనుక దూదేకుల ఇంట పుట్టిన బాలునికి సంగీతం అబ్బుటలో వింత లేదు. వింత అంతా ఆ సంగీతాన్ని పేదరికం మింగివేయకుండా ఆయన కాపాడుకొనుటలో ఉన్నది. చదువు సాగలేదు. చిన్ననాడే నాటకాలలో వేషాలు కట్టి, పాటతో, అభినయంతో పెద్దల మెప్పు పొందారు. శాస్త్రీయ సంగీతమూ అభ్యసించారు. శాస్త్రం నేర్చిన ఆ గొంతును జానపదానికి అంకితం చేయుట ఆయన జీవితంలోని పెద్ద మలుపు.

బుర్రకథ జంగం కథల నుండి ఎదిగిన కళారూపం. వేదిక మీద ఉండేది ముగ్గురే. నడుమ కథకుడు తంబుర భుజాన వేసుకొని, వేలికి అందెలు తొడిగి, కాలి గజ్జెలు ఘల్లుమనగా చిందులు వేస్తూ కథ నడుపుతాడు. ఇరుప్రక్కల వంతలు డక్కీలు వాయిస్తారు. వారిలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. ఈ రెండవ వంతను మనం ప్రత్యేకంగా గమనించాలి. కథ ఏనాటిదైనా, ఈ వంత దానిని మధ్యలో ఆపి నేటి ధరల మాట, పన్నుల మాట, ఊరి పెత్తందారు మాట ఎత్తుతాడు. పల్నాటి వీరుల కథ వినుటకు వచ్చిన రైతు తన కాలపు వార్త కూడా విని ఇల్లు చేరేవాడు. విజయవాడలో ఆకాశవాణి కేంద్రం ఏర్పడినది 1948 డిసెంబరులో. అంతకుముందు ఎన్నో గ్రామాలకు ఇట్టి కథకులే వార్తాహరులు.

ప్రజానాట్యమండలి 1943లో ఏర్పడినది. బెంగాలులో ఘోర క్షామం లక్షలాది జనాన్ని బలిగొన్న సంవత్సరం కూడా అదే. ఆ కరువు కథను నాజర్ గారు బుర్రకథగా చెప్పగా, ఎన్నడూ బెంగాలును చూడని తెలుగు గ్రామీణులు కన్నీరు పెట్టారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన గళంలో ప్రసిద్ధి పొందాయి. ఒక ముస్లిం కళాకారుడు బ్రహ్మనాయుని, బాలచంద్రుని కథ చెబుతుంటే వేలాది జనం తెల్లవారేదాకా కదలక కూర్చున్నారు. ఆయన మతం ఏమని కథ నడుమ అడిగినవారు లేరు.

అయితే వార్త చెప్పే కళను పాలకులు సహించుట అరుదు. 1948 తరువాతి నిర్బంధపు రోజులలో ప్రజానాట్యమండలి బృందాలు చెదరిపోయాయి. కళాకారులలో కొందరు సినిమా రంగం చేరి నిలదొక్కుకున్నారు. మండలికి ప్రాణం పోసిన డాక్టర్ గరికపాటి రాజారావు గారు 1953లో తీసిన పుట్టిల్లు చిత్రంలో నాజర్ గారి బుర్రకథ కూడా ఉన్నది. జమున, అల్లు రామలింగయ్య గార్లకు అదే తొలి చిత్రం. వారికి వెండితెర దారి చూపగా, నాజర్ గారు తంబురతో మరల పల్లెకే వచ్చారు. సినిమా పెరిగినకొద్దీ పల్లెలో బుర్రకథకు ఆదరణ తరిగినది. అయినను ఆయన కథను విడువలేదు.

భారత ప్రభుత్వం 1986లో వారిని పద్మశ్రీతో గౌరవించినది. 1997 ఫిబ్రవరి 21న ఆయన దివంగతులైనారు.

చివరగా ఒక విషయం. అంగడాల వెంకట రమణమూర్తి గారు అక్షరబద్ధం చేసిన తమ ఆత్మకథకు నాజర్ గారు పింజారి అని పేరు పెట్టారు. పింజారి అంటే దూది ఏకేవాడు. శ్రమను తెలిపే ఆ మాటను లోకం తిట్టుగా మార్చినది. పద్మశ్రీ పొందిన మనిషి ఏ గొప్ప బిరుదునైనా తన గ్రంథానికి ఎంచుకోవచ్చు. ఆయన మాత్రం తన వారిని కించపరచిన మాటనే తీసుకొని ముఖపత్రం మీద నిలబెట్టారు.

తరగతి గదిలో తమ వృత్తిపేరు చెప్పుటకు తల వంచుకొనే బిడ్డలను మేము చూచాము. ఇంట తెలుగు మాట్లాడుతున్నందుకు ఒకచోట, పేరును బట్టి మరొకచోట పరాయివారిగా నిలబడిన వారినీ చూచాము. అట్టి విద్యార్థులు ఈ పుటలు చదివినప్పుడు, పొన్నెకల్లు బాలుడు ఆ రెండు చోట్లా తల వంచలేదని గ్రహిస్తే మా ఈ చిన్న ప్రయత్నం ఫలించినట్లే. తెలుగు నాజర్ గారికి అరువు భాష కాదు. అది ఆయన తల్లి మాట, ఆయన జీవనాధారం, ఆయన మనకు వదలిన ఆస్తి. ఆ ఆస్తికి మనమందరమూ వారసులమే.